బడి వెనక స్మారక కట్టడం

మా గుల్లలదిబ్బ గురించి మీకు తెలియకపోవచ్చు. కోడూరు నుంచి సముద్రం వైపు వస్తుంటే, ఇక నా వల్ల కాదని డ్రైవరు బస్సు తిప్పేసుకునే చోట దిగి, అక్కణ్నించి ఇంకాస్త నడిస్తే వస్తుంది. సముద్రం మాకు ఎంత దగ్గరంటే, మా బోరు నీళ్లతో పప్పు వండితే ఉప్పు వెయ్యక్కర్లేదు. ఆ నీళ్లు తాగీ తాగీ మా గేదె ఒక ఏడాదంతా ఉప్పేసిన మజ్జిగే ఇచ్చింది. నమ్మకపోతే మీ ఇష్టం. సాక్ష్యం చెప్పడానికి ఆ గేదె ఇప్పుడు లేదు.

ఇలాంటి ఊళ్లో ఒక హైస్కూలు ఉంది. అది తాటాకు పాకగా ఉన్నప్పుడు నేనూ అందులోనే చదివాను. అది పెరిగి హైస్కూలయింది, నేను అయిదో తరగతిలోనే ఆగిపోయాను. మా ఊరివాళ్లకి చదువంటే ఎంత గౌరవమో ఆ బడిలో అడుగుపెడితే తెలుస్తుంది. ఊళ్లో కాలం చేసిన పెద్దలందరూ అక్కడే ఉన్నారు. గేటు మీది ఆర్చి ఒకాయన జ్ఞాపకార్థం. జెండా దిమ్మ ఇంకొకాయన జ్ఞాపకార్థం. గంట, ఆ గంట కొట్టే సుత్తి వేర్వేరు పుణ్యాత్ములవి. ఇక ఫ్యాన్లకైతే రెక్కకో పేరు రాయించారు. ఫ్యాను వేస్తే ముగ్గురు తాతలు ఒకరి వెనక ఒకరు పరుగులు పెట్టేవారు, ఎవరెవరో తెలిసేది కాదు. మా అదృష్టం కొద్దీ కరెంటు పెద్దగా ఉండేది కాదు గనక, పేర్లన్నీ నిదానంగా చదువుకునే వీలుండేది.

బడిలో లేనిదల్లా ఒక్క మరుగుదొడ్డి.

మగపిల్లలకి కాలవగట్టు ఉంది, వాళ్లకి సిగ్గు లేదు. ఆడపిల్లలకి బడి వెనక సరుగుడు తోట చాటుండేది. అంతలో రొయ్యల రోజులు వచ్చాయి. మా ఊరి గోవర్ధనరావు ఆ తోట కొని, నరికించి, రొయ్యల చెరువు తవ్వించాడు. ఆ రొయ్యల భోగం ఏం చెప్పమంటారు! వాటికి వేళకి మేత, గాలి ఆడటానికి మిషన్లు, జబ్బు చేస్తే చూడటానికి భీమవరం నుంచి డాక్టరు. ఎవడైనా ఎత్తుకుపోతాడని మంచె మీద కాపలావాడు కూడా. ఇంతా చేసి, బడికీ సముద్రానికీ మధ్య చీపురుపుల్లంత చాటు లేకుండా పోయింది. ఆడపిల్లలు పొద్దున్నే నోరు కట్టేసుకుని వచ్చేవారు. మంచినీళ్లు గుక్కెడు తాగితే సాయంత్రం దాకా ఎక్కడికి వెళ్లాలి?

రెండువేల సంవత్సరం వేసవి ముందు సంగతి. ఏడో తరగతి చదువుతున్న లక్ష్మీదుర్గ ప్రార్థనలో నిలబడి నిలబడి విరుచుకు పడిపోయింది. అవనిగడ్డ తీసుకెళ్తే, పిల్ల నీళ్లు తాగడం లేదు, అందుకే ఒంట్లో మంట, జ్వరం అని డాక్టరు చెప్పాడు.

లక్ష్మీదుర్గ తండ్రి అంకమ్మరావు. సముద్రం మీద చేపల వేటకి వెళ్లేవాడు. మాట తక్కువ, అన్నాడంటే అన్నట్టే. తల్లి చిట్టెమ్మ ఊళ్లో ఇంటింటికీ చేపలమ్మేది. మొగుడు మిగిల్చిన మాటలన్నీ ఆవిడే వాడుకునేది.

"ఏడు చదివింది, చాల్లే. ఎండుచేపల కాడ కూచోబెట్టు" అన్నాడు అంకమ్మరావు, ఆసుపత్రి నుంచి వస్తూనే.

"కూచోబెడతా, నువ్వు కూడా పక్కన కూచో. ఎనిమిదో తరగతికి పంపుతానని దానికి మాటిచ్చాను" అంది చిట్టెమ్మ.

"బళ్లో దొడ్డి కట్టించు, పంపిస్తా. బళ్లు తెరిచేనాటికి లేకపోతే మళ్లీ నన్నడగొద్దు."

లక్ష్మీదుర్గ ఏడో తరగతి పుస్తకాలు ఎవరికీ ఇవ్వకుండా గోనెసంచిలో కట్టి, ఆ మూట మీదే తల పెట్టుకుని పడుకుంది.

మర్నాడే చిట్టెమ్మ హెడ్మాస్టరు నరసింహం గారి మీద పడింది. నరసింహం గారు చాలా మంచివాడు. ఎంత మంచివాడంటే, ఎవరు ఏం చెప్పినా తలూపేవాడు, ఇద్దరు ఎదురెదురు మాటలు చెప్పినా ఇద్దరికీ ఊపేవాడు. ఆయన తలూపి, ఆదివారం బళ్లో పెద్దల సమావేశం పెట్టాడు. పెద్దల్లో నన్నూ పిలిచారు. వయసు తప్ప నాకు వేరే పెద్దరికం లేదు.

"అయ్యా, ఆడపిల్లలకి మరుగుదొడ్లు కావాలి. దాతలు ముందుకు రావాలి. దాత తండ్రిగారి పేరు పాలరాతి మీద చెక్కించి ముందు గోడకి పెట్టిస్తాం" అన్నాడు నరసింహం గారు, ఎప్పటి అలవాటు కొద్దీ.

అంతే. ముందు వరసలో ఉన్నవాళ్లంతా ఒక్కసారిగా చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టారు.

"మైకు సెట్టు ఇస్తానండీ, మా నాన్నగారి పేరు మీద" అన్నాడు ఒకాయన.

"గోడ గడియారం ఇస్తాం" అన్నాడు ఇంకొకాయన.

"గడియారం ఎందుకయ్యా? ఎంతసేపు ఆపుకున్నారో పిల్లలు లెక్క చూసుకోవడానికా?" అన్నాను నేను.

"నువ్వుండు రత్తయ్య మావయ్యా" అన్నాడు గోవర్ధనరావు. "నవ్వులాటగా ఉందా? మా నాన్నగారు పిచ్చేశ్వరరావు గారు ఎలా బతికారో నీకు తెలీదూ? ఇస్త్రీ చొక్కా లేందే అరుగు దిగేవారు కాదు. ఆయన పేరు తీసుకెళ్లి దొడ్డి మీద రాయిస్తానా?"

"పోనీ పేరు లేకుండా ఇవ్వండి" అన్నాడు నరసింహం గారు.

ఆ మాటకి గోవర్ధనరావు బిత్తరపోయాడు. పేరు లేకుండా ఇవ్వడమన్నది మా ఊళ్లో అంతకుముందు ఎవరూ వినలేదు. అది పారేసుకోవడం కాదూ అన్నట్టు అందరూ ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. మైకు సెట్టూ గడియారమూ ఖాయం చేసుకుని సమావేశం ముగించారు.

ఇక్కడ మధుసూదనరావు గురించి చెప్పాలి. ఈయన గోవర్ధనరావుకి వరసకి బావ. ఇద్దరికీ పడదు. ఎందుకు పడదో వాళ్లకే గుర్తులేదు గాని, పడకపోవడం మాత్రం శ్రద్ధగా చేసేవారు. ఒకాయన మేడ కడితే రెండో ఆయన మేడ మీద గది వేసేవాడు. ఆ పోటీలో ఇద్దరి మేడలూ ఎంత పైకి వెళ్లాయంటే, మచిలీపట్నం కోర్టు గడియారంలో టైము మా ఊరి డాబా మీంచి చూసుకోవచ్చు అనేవారు. నేనే అనేవాణ్ని.

సమావేశమైన రెండో నాడో మూడో నాడో మధుసూదనరావు అరుగు మీద నేను కూర్చునుండగా చిట్టెమ్మ చేపల తట్ట దించింది.

"పండుగొప్పలు బాబుగారూ, ఇంకా ఎగురుతున్నాయి. తీసుకోండి. దొడ్డి మాటేం చేశారు?"

"చేపలమ్ముతూ దొడ్డి మాటేంటే? మా నాన్న పేరు దొడ్డి మీద నేను కూడా పెట్టను."

"మీ నాన్నగారి పేరు ఎవరు పెట్టమన్నారండీ? అంత బాధైతే మీకు పడనోళ్ల నాన్న పేరు పెట్టుకోండి. నా బిడ్డకి కావాల్సింది గోడలూ తలుపూను. పేరు మీద కూచుంటుందా ఏంటి?"

విసుగు కొద్దీ అన్న మాట అది. కానీ మధుసూదనరావు చేతిలో చేప చేతిలోనే ఉండిపోయింది. నా వంక చూశాడు. నేను ఆకాశం వంక చూశాను. ఆయన మొహంలో అంత వెలుగు నేను ఆయన పెళ్లినాడు కూడా చూడలేదు.

"చిట్టెమ్మా, తట్ట మొత్తం ఇచ్చెయ్" అన్నాడు.

ఆ వేసవి ఎండల్లో మధుసూదనరావు మేస్త్రీల పక్కన గొడుగు వేసుకుని నిలబడి కట్టించాడు. వరసగా గదులు, గట్టి తలుపులు, లోపల గడియలు. ఊరంతా ఆశ్చర్యపోయింది. గోవర్ధనరావైతే ఎగతాళికి హద్దు లేకుండా, "పాపం, బావకి తండ్రి మీద ఎంత ప్రేమో!" అని టీకొట్టు దగ్గర రోజూ అనేవాడు. ముందు గోడకి రాయి బిగించి, పసుపు గుడ్డ కప్పేశారు. కింద ఏం రాసుందో మధుసూదనరావుకీ, రాయి చెక్కిన గుడివాడ శిల్పికీ తప్ప తెలియదు. నాకూ తెలుసనుకోండి, కానీ నన్నెవరూ అడగలేదు.

బళ్లు తెరిచిన రోజు ప్రారంభోత్సవం. ముఖ్య అతిథి ఎవరనుకున్నారు? గోవర్ధనరావే. మధుసూదనరావు స్వయంగా ఇంటికి వెళ్లి బొట్టుపెట్టి మరీ పిలిచాడు. బావ దొడ్డికి తాను ముసుగు తీసే భాగ్యం ఎవరు వదులుకుంటారు? గోవర్ధనరావు పట్టు పంచె కట్టుకుని వచ్చాడు. చెయ్యి చాపి గుడ్డ లాగాడు. నవ్వుతూ పైకి చదవడం మొదలుపెట్టాడు.

"కీర్తిశేషులు... శ్రీ... పిచ్చేశ్వరరావు గారి... జ్ఞాపకార్థం..."

అక్కడ ఆగిపోయాడు. వాళ్ల నాన్న ఇస్త్రీ చొక్కాలో ఉన్న బొమ్మ కూడా చెక్కించారు. శిల్పి పనిమంతుడు, మీసం అచ్చు దిగిపోయింది.

మధుసూదనరావు మైకు అందుకున్నాడు. దాత ఇచ్చిన కొత్త మైకు, మొదటి రోజు కదా, గొంతు బాగా వచ్చింది. "మా మావయ్య పిచ్చేశ్వరరావు గారు జీవితాంతం ఇతరుల కష్టం తెలుసుకుని మసిలారు. ఇక ముందు కూడా ఈ ఊరి బిడ్డల కష్టం రోజూ చూస్తారు. ఇంతకంటే ఆయనకి నేనేం చెయ్యగలను?" అని కళ్లు తుడుచుకున్నాడు. ఊరు చప్పట్లు కొట్టింది. నరసింహం గారు ఇద్దరి వైపూ తలూపాడు.

ఏం చేస్తాడు గోవర్ధనరావు? రాయి పగలగొడితే కన్నతండ్రి పేరు పగలగొట్టినట్టు. ఉండనిస్తే ఇలా. ఆ రాత్రి అన్నం తినలేదట. తెల్లారేసరికి మాత్రం మనిషి నిర్ణయానికి వచ్చేశాడు. నాన్నగారి పేరు ఎలాగూ ఎక్కింది గనక, అది ఊరికే దొడ్డిగా ఉండకూడదు.

పంచాయతీ మంచినీళ్ల ట్యాంకు నుంచి సొంత ఖర్చుతో పైపు వేయించాడు. మా బడికి తియ్యటి నీళ్లు రావడం అదే మొదలు. బయట ఒక కుళాయి, లోపల గదికో కుళాయి. గోడలకి పింగాణీ పలకలు అతికించాడు. ఫినాయిలు, సాంబ్రాణి, వాకిట్లో ముగ్గు, రాతి బొమ్మకి రోజూ బంతిపూల దండ. ఊడవడానికి మనిషిని పెట్టాడు. ఈగ వాలితే జారి పడేది. ఒక ఈగ కాలు విరగ్గొట్టుకుని కుంటుతుండగా నా కళ్లతో నేను చూశాను.

ఇంతా చేసి, పెద్ద ఇత్తడి తాళం వేసి, తాళంచెవి ఇంటికి తీసుకెళ్లి మేకుకి తగిలించుకున్నాడు.

బందరు నుంచి ఎవరో ఒక ఆఫీసరు వచ్చినప్పుడల్లా తాళం తీసేవారు. ఆయన చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లి, దణ్ణం పెట్టుకోబోయి ఆగి, "జిల్లాలోనే ఇలాంటిది లేదు" అని పుస్తకంలో రాసి వెళ్లేవాడు. పత్రికలో బొమ్మ కూడా పడింది. మళ్లీ తాళం. ఆడపిల్లలు ఆ ముగ్గు తొక్కకుండా చుట్టూ తిరిగి వెళ్లి, తరగతిలో కాళ్లు ముడుచుకుని కూచునేవారు.

లక్ష్మీదుర్గ ఎనిమిదిలో చేరింది గాని, మళ్లీ నీళ్లు మానేసింది. పెదాలు ఎండగట్టుకుని ఇంటికొచ్చేది. అంకమ్మరావు వల బాగుచేసుకుంటూ చూసి, "దొడ్డి కట్టారన్నావు. చూడ్డానికా? ఈ పున్నమి దాటితే ఇక పంపను" అన్నాడు. అంతే అన్నాడు.

చిట్టెమ్మ తట్ట కూడా దించకుండా గోవర్ధనరావు ఇంటికి వెళ్లింది. నేనూ వెనకే వెళ్లాను. ఇలాంటి చోట్లకి నన్ను పిలవక్కర్లేదు.

"బాబుగారూ, తాళం తీయించండి."

"తీయిస్తానే. పెద్దాఫీసరు వస్తున్నారట. ఆవిడ చూసి వెళ్లాక తీయిస్తా. ఈలోగా పిల్లలు వెళ్తే పాడైపోదూ?"

"దొడ్డికి పిల్లలు వెళ్తే పాడవడమేంటండీ? మరి దేనికి కట్టారు?"

"నేను కట్టలేదే తల్లీ! ఆ మధుసూదనం కట్టాడు. మా నాన్నగారి పేరు ముందు పిల్లలు బారులు తీరి... ఛీ, తల్చుకుంటేనే ఒళ్లు జలదరిస్తోంది. నాలుగు రోజులు ఓర్చుకోమను."

"మా ఆడపిల్లల చాటు నరికి రొయ్యలు పోసుకున్నారు. అప్పుడు ఓర్చుకున్నాం. ఇప్పుడు గోడలున్నాయి, నీళ్లున్నాయి, తలుపులున్నాయి. ఇంకా ఏం ఓర్చుకోవాలండీ?"

"చెప్పాగా, తాళంచెవి నా దగ్గరుంది. నేనే తీస్తా, నాకు కుదిరినప్పుడు."

చిట్టెమ్మ అప్పుడు తలెత్తి ఆ మేడ చూసింది. కింద పడగ్గది పక్కనే గోవర్ధనరావు కొత్తగా కట్టించుకున్న బాత్రూము ఉంది. పైగది వేసిన మధుసూదనరావు మీద పోటీకి కట్టించుకున్నది. దాంట్లో పడుకుని స్నానం చేసే తొట్టి ఉందని, దాన్లో రొయ్యలు కూడా పెంచొచ్చని నేను చెప్పేవాణ్ని.

"సరే బాబుగారూ. తాళంచెవి ఎక్కడుంటే పిల్లలు అక్కడికే వస్తారు" అంది చిట్టెమ్మ, వెళ్లిపోయింది.

మర్నాడు మొదటి గంట కొట్టాక, లక్ష్మీదుర్గ ముందు నడుస్తుండగా ఎనిమిదో తరగతి ఆడపిల్లలు రోడ్డు దాటి గోవర్ధనరావు ఇంటికి వచ్చారు. గోవర్ధనరావు భార్య అమ్మాజీ తులసికోట దగ్గర ఉంది.

"అమ్మాజీ పిన్నిగారూ, ఒకసారి బాత్రూముకి వెళ్లొచ్చాండీ? బళ్లోది తాళం వేసుందండీ" అంది లక్ష్మీదుర్గ.

అమ్మాజీ మంచి మనిషి. వచ్చిన ఆడపిల్లకి లేదంటుందా? "అయ్యో, రండమ్మా, రండి" అంది. రెండో గంటకి తొమ్మిది, పది తరగతులు వచ్చాయి. అన్నం గంటకి ఆరూ ఏడూ. మర్నాడు ఆడ టీచర్లు కూడా వచ్చారు. వాళ్లు నరసింహం గారిని పర్మిషను అడిగితే ఆయన తలూపాడు. వాకిట్లో, తగ్గింపు ధరల నాడు జాకెట్టు గుడ్డల దుకాణం ముందు ఉన్నంత వరస. ఎవరూ అల్లరి చెయ్యలేదు. కాళ్లు కడుక్కుని లోపలికి వెళ్లడం, వస్తూ "వస్తామండీ పిన్నిగారూ" అనడం. అదే ఇబ్బంది, తిట్టడానికి వీల్లేకపోయింది.

గోవర్ధనరావుకి ఒక అలవాటుంది. కాఫీ తాగాక పేపరు పట్టుకుని లోపలికి వెళ్తే పేపరంతా అయ్యేదాకా రాడు. మూడో రోజు పేపరు పట్టుకుని వెళ్లేసరికి లోపల గడియ పడుంది.

"ఎవరది?"

"ఏడో తరగతి రోజానండీ. నా తర్వాత ఇంకా ఉన్నారండీ" అని లోపల్నించి జవాబొచ్చింది.

ఆయన పేపరు మొదటి పేజీ అయింది, ఆటల పేజీ అయింది, చావు ప్రకటనలు కూడా అయ్యాయి. వరస తగ్గలేదు. అప్పుడే రొయ్యలు కొనడానికి వచ్చిన వ్యాపారి వాకిట్లో వరస చూసి, "ఏంటండీ, ఇంట్లో ఏమైనా శుభకార్యమా?" అన్నాడు. గోవర్ధనరావు పంచె బిగించి పట్టుకుని, చెమటలు కక్కుతూ పెరటివైపు పరిగెత్తాడు. పెరట్లో ఏముంది? అక్కడా ఆయనదే ఇంకో రొయ్యల చెరువుంది. చాటు లేదు. కాపలావాడు మంచె మీంచి "ఎవుడ్రా అది?" అని కేకేశాడు.

ఆ కేక నేను వాళ్ల అరుగు మీంచి విన్నాను. నా జీవితంలో అంత తృప్తిగా ఏ పాటా వినలేదు.

తిరిగొచ్చేసరికి అమ్మాజీ గుమ్మంలో నిలబడి ఉంది.

"తాళంచెవి ఇస్తారా, గుడివాడ బస్సు ఎక్కి మా అన్నయ్య ఇంటికి వెళ్లిపోమంటారా?"

"అది కాదే, నాన్నగారి పేరు..."

"మావయ్యగారి పేరుకేమీ కాలేదు, మీ మతే పోయింది. ఆయనుంటే కళ్లముందు ఆడపిల్లల్ని ఇలా నిలబెట్టేవారా? మీరు ఇప్పుడు పరిగెత్తినట్టు వాళ్లు రోజూ ఎక్కడికి పరిగెత్తాలి?"

ఆయన జవాబు కోసం ఆవిడ ఆగలేదు. మేకు మీది తాళంచెవి తనే తీసుకుని, జుట్టు ముడి వేసుకుంటూ రోడ్డు దాటింది. వెనక ఆడపిల్లలంతా ఊరేగింపులా నడిచారు. ముగ్గు మీంచే నడిచి వెళ్లి తాళం తీసింది. ఇత్తడి తాళంకప్ప అప్పుడే తట్టతో అటు వచ్చిన చిట్టెమ్మ చేతిలో పెట్టి, "ఇది మళ్లీ ఈ తలుపు దగ్గర కనపడకూడదు" అంది. చిట్టెమ్మ దాన్ని తక్కెట్లో రాయిగా వాడుకుంది. అప్పట్నించి ఊళ్లో మాకు చేపలు కొంచెం ఎక్కువే తూగుతున్నాయి.

పున్నమి వచ్చింది, వెళ్లింది. అంకమ్మరావు ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోతే ఒప్పుకున్నట్టే.

తర్వాత కొన్నాళ్లకి ఆ పెద్దాఫీసరు నిజంగానే వచ్చింది. పేరు శ్రీలేఖ గారు. బందరు నుంచి జీపులో, దారిలోని మిగతా బళ్లన్నీ చూసుకుంటూ మధ్యాహ్నానికి చేరింది. గోవర్ధనరావు పట్టు పంచెలో ఎదురెళ్లాడు. మధుసూదనరావు కూడా వచ్చాడు. ఎలా ఊరుకుంటాడు, కట్టించింది తను కదా. ఇద్దరూ చెరో పక్కా ఆవిణ్ని నడిపించుకుంటూ రాతి బొమ్మ దగ్గరికి తీసుకొచ్చారు.

"మా నాన్నగారండీ" అన్నాడు గోవర్ధనరావు.

"నా ఖర్చండీ" అన్నాడు మధుసూదనరావు.

తలుపుల ముందు ఆడపిల్లల వరస ఉంది. గోవర్ధనరావు మొహం మాడిపోయింది. "పక్కకి తప్పుకోండమ్మా, మేడంగారు చూడాలి" అంటూ ఒక తలుపు తోశాడు. గడియ పడుంది.

"ఉన్నామండీ!" అంది లోపల్నించి లక్ష్మీదుర్గ గొంతు, గట్టిగా.

"ఎవరే అది? ఆఫీసరుగారొచ్చారు, తొందరగా రా!"

"వరసలో రమ్మనండీ!"

నరసింహం గారు తలుపు వైపూ, ఆఫీసరు వైపూ తలూపాడు. శ్రీలేఖ గారు మాత్రం కోప్పడలేదు. చేతిలో ఫైళ్లు మధుసూదనరావుకి ఒకటి, గోవర్ధనరావుకి ఒకటి ఇచ్చి పట్టుకోమని, వెళ్లి ఆరో తరగతి పిల్ల వెనక వరసలో నిలబడింది. ముందున్న పిల్లలు జరిగి దారివ్వబోతే, వద్దమ్మా, మీ తర్వాతే అని చెయ్యూపింది. బందరు నుంచి మా ఊరి దాకా చూసిన ఇన్ని బళ్లలో ఆవిడకి కూడా ఎక్కడా చోటు దొరకలేదని మాకప్పుడు అర్థమైంది. ఆ ఎండలో పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

ఆవిడ వంతు వచ్చి, వెళ్లొచ్చి, కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటుంటే లక్ష్మీదుర్గ అక్కడే గ్లాసు పట్టుకుని నీళ్లు తాగుతోంది.

"ఆ నీళ్లు తాగొచ్చా అమ్మా?" అంది ఆవిడ.

"తియ్యగా ఉంటాయండీ" అని, గ్లాసు కడిగి నిండా పట్టి ఇచ్చింది లక్ష్మీదుర్గ.

ఆఫీసరుగారు నిలబడే మొత్తం తాగేసింది. "ఇంకో గ్లాసు ఇస్తావా? పొద్దున్నించీ తాగలేదు" అంది.